నేను దాటేసిన సీన్

మా ఇంటి టీవీ రిమోట్‌లో ఫార్వర్డ్ బటన్ మీది గుర్తు అరిగిపోయింది. అరగదీసింది నేనే. 2020 లాక్‌డౌన్‌లో నా చిన్న కూతురు పక్కన కూచుని, ఇరవై ఎపిసోడ్ల కొరియన్ సీరియల్ ఒకటి ఆ బటన్ నొక్కుకుంటూ చూశాను. అట్లా చూడటంలో నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటో నాకు మూడేళ్ళ తర్వాత గాని తెలియలేదు. తెలిసిన దగ్గర్నుంచీ మనసు కుదురుగా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సీరియల్ పేరు 'రిప్లై 1988'. 2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా టీవీఎన్ అనే కేబుల్ ఛానల్లో వచ్చింది. షిన్ వన్‌హో దర్శకుడు, లీ వూజంగ్ రచయిత్రి. సియోల్ నగరం ఉత్తర భాగంలో సంగ్‌మున్‌దోంగ్ అనే పేట, ఆ పేటలో ఒక ఇరుకు సందు, ఆ సందులో కలిసి పెరిగిన ఐదుగురు స్నేహితులు. ఐదుగురిలో దొక్‌సన్ ఒక్కతే ఆడపిల్ల. మాట పెళుసుగా, మనసు మెత్తగా ఉండే జంగ్‌హ్వాన్, బాధ్యత తెలిసిన సన్‌వూ, డ్యాన్సూ కబుర్లూ తప్ప చదువు పట్టని దోంగ్‌ర్యోంగ్, బడి మానేసి బదుక్ ఆటనే బతుకు చేసుకున్న టేక్. బదుక్ అంటే నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ గళ్ళ పలక మీద పేర్చి ఆడే ఆట. ఊళ్ళో అందరూ టేక్‌ను మహా మేధావి అంటారు. స్నేహితులకు మాత్రం వాడు సొంత పనులు కూడా సరిగ్గా చేసుకోలేని అమాయకుడు. ఐదుగురూ రోజూ చేరేది వాడి గదిలోనే.

కథ మధ్యమధ్యలో 2015కి వస్తుంది. నడివయసు దొక్‌సన్, ఆమె భర్త పక్కపక్కన కూచుని పాత రోజులు చెబుతుంటారు. ఆ భర్త నలుగురు అబ్బాయిల్లో ఎవరో చివరిదాకా చెప్పరు. ఈ బృందం అంతకుముందు తీసిన 'రిప్లై 1997', 'రిప్లై 1994'లలో కూడా ఇదే పొడుపుకథ. అప్పట్లో కొరియా ప్రేక్షకులు రెండు జట్లుగా చీలిపోయారట. జంగ్‌హ్వాన్ వేషం వేసిన ర్యూ జున్‌యోల్ ఇంటిపేరుతో ఒక జట్టు, టేక్ పేరుతో ఒక జట్టు. చివరి ఎపిసోడ్‌కు 18.8 శాతం రేటింగ్ వచ్చింది. ఒక కేబుల్ సీరియల్‌కు అంత రావడం అక్కడ అదే మొదటిసారి.

నా కూతురు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. "నాన్నా, నాతో కూచుని ఒక్కటి చూడు, నీకు నచ్చుతుంది" అని రెండు వారాలు అడిగింది. మా ఇంట్లో అడగడం, పట్టుబట్టడం పెద్దదాని లక్షణం. చిన్నది ఒకసారి అడిగి ఊరుకుంటుంది. అలాంటిది రెండు వారాలు అడిగిందంటే ఎందుకని నేను ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. భర్త ఎవరో కనిపెట్టే కథ అని మాత్రం విన్నాను. సరే కనిపెడదామని కూచున్నాను.

మొదటి ఎపిసోడ్‌లోనే దొక్‌సన్ ఇంట్లో గొడవ మొదలైంది. బల్ల మీద కేకు, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఉన్నారు, దొక్‌సన్ ఏడుస్తోంది. ఆ అబ్బాయిలెవరూ అక్కడ లేరు. ఫార్వర్డ్ నొక్కాను.

"నాన్నా, ఇది చూడు" అంది చిన్నది.

"వాళ్ళింటి గొడవలు మనకెందుకమ్మా, అసలు కథకు పోదాం" అన్నాను.

అది మళ్ళీ అడగలేదు. కాళ్ళు పైకి ముడుచుకుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, నేను ఆపిన చోటు నుంచి చూసింది.

ఇక ఆ తర్వాత నేను చూసిందంతా జంగ్‌హ్వాన్‌నే. దొక్‌సన్ బయటికొచ్చే వేళ కోసం గుమ్మం దగ్గర బూటు లేసు విప్పి కట్టి, మళ్ళీ విప్పి కట్టే కుర్రాడు. కిక్కిరిసిన బస్సులో ఆమెకు ఎవరూ తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, తన మొహం మాత్రం పక్కకు తిప్పుకునే కుర్రాడు. వానలో గొడుగుతో ఎదురుచూసి, ఆమె చేతిలో పెట్టి, పెందలాడే ఇంటికి రమ్మని కసిరి వెళ్ళిపోయే కుర్రాడు. ఒకరోజు నలుగురి మధ్య టేక్ తనకు దొక్‌సన్ అంటే ఇష్టమని చెప్పేశాడు. జంగ్‌హ్వాన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు మాత్రం విప్పలేదు. ఆ రోజు నుంచి తప్పుకోవడం మొదలుపెట్టాడు.

నేను టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగి కూచున్నాను. ఎందుకో ఇప్పుడు చెప్పక తప్పదు.

మాది గుంతకల్లు. నాన్న రైల్వే ఉద్యోగి. క్వార్టర్లలో మా వెనక వరసలో ఒక అమ్మాయి ఉండేది. ఒకే బడి, ఒకే కుళాయి, ఒకే దారి. నీళ్ళ బిందె దగ్గర జగడమాడిన రోజుల నుంచి డిగ్రీ పరీక్షల దాకా కలిసే పెరిగాం. ఆమె మీద నా ఇష్టం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. అది లేని రోజు నాకు గుర్తు లేదు. నా దగ్గరి స్నేహితుడికి కూడా ఆమె అంటే ఇష్టమని ఒకరాత్రి వాడి నోటనే విన్నాను. నేను ఏమీ అనలేదు. కొన్నాళ్ళకు ఆమెకు సంబంధం వచ్చింది. ఒక సాయంత్రం కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా పక్కకు తియ్యకుండా, "నువ్వేమంటావు?" అని అడిగింది. "మంచి సంబంధమంటున్నారుగా, చేసుకో" అన్నాను. ఆమె కుళాయి కట్టేసింది. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

స్నేహం కోసం తప్పుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. పాతికేళ్ళపాటు ఆ మాటనే నమ్ముకుని బతికాను. నా స్నేహితుడు కూడా ఆమెను చేసుకోలేదు, ఆమెతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మరి నేను ఎవరి కోసం త్యాగం చేసినట్టు? ఈ ప్రశ్న నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు. నా భార్యకు ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. మా సంసారంలో నాకు ఏ కొరతా లేదు. ఆ అమ్మాయి దక్కలేదన్న బెంగ ఏనాడో పోయింది. పోనిదల్లా ఆ త్యాగం కథే. దాన్ని దేవుడి పటంలా గోడకు తగిలించుకున్నాను. జంగ్‌హ్వాన్‌ను చూస్తే ఆ పటానికి ప్రాణం వచ్చినట్టయింది.

అందుకే అతనే భర్త అవుతాడని నిశ్చయంగా ఉన్నాను. పద్దెనిమిదో ఎపిసోడ్ దగ్గర నా నిశ్చయం కూలిపోయింది. అప్పటికి 1994 వచ్చింది, జంగ్‌హ్వాన్ వైమానిక దళంలో ఉన్నాడు. పాటల కచేరీ హాలు బయట దొక్‌సన్ ఒంటరిగా ఉందని తెలిసి కారేసుకుని బయల్దేరాడు. దారిలో ఎర్ర సిగ్నళ్ళు ఆపేశాయి. చేరేసరికి టేక్ ఆమె ఎదుట రొప్పుతూ నిలబడి ఉన్నాడు. బదుక్ పోటీని వదులుకుని వచ్చేశాడు. తర్వాత స్నేహితుల ముందే జంగ్‌హ్వాన్ తన ఉంగరం దొక్‌సన్ ఎదురుగా పెట్టి, ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా చెప్పాడు. చెప్పి, అదంతా వేళాకోళమని నవ్వేశాడు. ఉంగరం బల్ల మీదే ఉండిపోయింది.

నాకు కోపం వచ్చింది. టీవీ ఆపేసి, నా కూతురితో పెద్ద ఉపన్యాసమే చెప్పాను. "ఇది అన్యాయమమ్మా. ఆ పిల్లాడిదే నిజమైన ప్రేమ. నోరు తెరిచి అడిగినవాడికి ఇచ్చేసి, గుండెల్లో పెట్టుకున్నవాడిని వదిలేశారు. చెప్పని ప్రేమకే విలువెక్కువ" అన్నాను.

అది నా వైపు కాసేపు చూసి, "చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది నాన్నా?" అంది. దాని ప్రశ్న దొక్‌సన్ గురించే అనుకున్నాను.

2023లో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యి, మూడు నెలలు మా ఇంట్లోనే ఉంది. చిన్నది అప్పటికి హైదరాబాద్ హాస్టల్లో ఉంది. అమ్మకు పొద్దు పోవడం లేదు. ఈ సీరియల్ పెట్టి, ఇంగ్లీషు అక్షరాలు చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఆ పనిలో ఒక ఇబ్బంది ఉంది. ఇంకొకరికి కథ చెప్పేవాడు సీన్లు దాటించలేడు. దాటిస్తే వెంటనే దొరికిపోతాడు.

మొదటిరోజే దొరికిపోయాను. దొక్‌సన్ ఏడవగానే, అలవాటు కొద్దీ వేలు బటన్ మీదికి పోయింది.

"ఏంరా, ఆ పాప అట్ల ఏడుస్తా ఉంటే దాటిస్తావేం? ఏమంటాందో చెప్పు" అంది అమ్మ.

వెనక్కి తెచ్చాను. మూడేళ్ళ కిందట నా కూతురు చూడమన్న సీను అప్పుడు మొదటిసారి చూశాను. ఒక్కొక్క మాటా నా నోటితో తెలుగులో చెబుతూ చూశాను.

దొక్‌సన్ నడిపి పిల్ల. పైన బోరా, సియోల్ నేషనల్ యూనివర్సిటీలో చదివే తెలివైన అక్క. కింద తమ్ముడు. అక్క పుట్టినరోజు తర్వాత మూడు రోజులకే దొక్‌సన్ పుట్టినరోజు. అందుకని ఏటా ఒకే కేకు. అక్క ఊదిన కొవ్వొత్తుల్లోంచి కొన్ని పీకేసి, మళ్ళీ వెలిగించి చెల్లెలికి పాడతారు. ఆ ఏడు అట్లా చెయ్యొద్దని ముందే చెప్పింది. అయినా చేశారు. దాంతో ఇన్నేళ్ళూ మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. గుడ్డు అట్టు అక్కకూ తమ్ముడికీ వేసి నాకెందుకు వెయ్యరు, నాకూ గుడ్డంటే ఇష్టమే, కోడి కాలు నాకెందుకు రాదు, వాళ్ళకు అందమైన పేర్లు పెట్టి నాకెందుకు ఈ పేరు పెట్టారు, అని వెక్కివెక్కి అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ రాత్రి వాళ్ళ నాన్న సందులో కేకు పట్టుకుని ఎదురుచూశాడు. స్నేహితుడి అప్పుకు జామీను సంతకం పెట్టి, బ్యాంకు జీతమంతా అప్పుకే పోగా, జంగ్‌హ్వాన్ వాళ్ళ ఇంటి కింద సగం నేలలోకి ఉన్న గదుల్లో కాపురముంటున్న మనిషి. కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని, తనకు తెలియక జరిగిందని చెప్పాడు. తాను పుడుతూనే నాన్నగా పుట్టలేదని, తనకూ నాన్న కావడం ఇదే మొదటిసారని, కొంచెం ఓర్చుకొమ్మని అడిగాడు.

ఆ మాటలు తెలుగులో చెప్పబోతే నాకు గొంతు పెగల్లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఏమీ అడగలేదు.

నా చిన్న కూతురి ఇంటర్ పుస్తకాలు నా కళ్ళ ముందు తిరిగాయి. అన్నీ పెద్దదాని పుస్తకాలే. సిలబస్ మారలేదు, కొత్తవి ఎందుకని నేనే అన్నాను. ప్రతి పుస్తకం మొదటి పేజీలో అక్క పేరు మీద తెల్ల కాగితం ముక్క అంటించి, దాని మీద తన పేరు రాసుకుంది. వెలుతురుకు పెడితే కింద అక్క పేరు కనిపిస్తుంది. ఆ పుస్తకాలు అప్పటికీ అటక మీదే ఉన్నాయి. ఆ రాత్రి దింపి చూశాను. ఫిజిక్సు పుస్తకంలో కాగితం ఒక మూల లేచి ఉంది. గోటితో ఎన్నోసార్లు నొక్కి అతికించిన గుర్తు.

అది రెండు వారాలు నన్ను బతిమాలింది ఈ ఒక్క సీను కోసం. తనంతట తాను అడగలేని మాట దొక్‌సన్ నోట నాకు వినిపించాలనుకుంది. నేనేమో నా పాతికేళ్ళ నాటి బొమ్మను వెతుక్కుంటూ ఆ సీను దాటేశాను. పక్కన కూచున్న పిల్లను వదిలేసి, ఎన్నడూ లేని ఒక గొప్ప ప్రేమికుడి కోసం తెరంతా గాలించాను. నా తెలివితక్కువతనం ఇదీ.

తర్వాతి రోజుల్లో ఒక్క సీను కూడా దాటించలేదు. అమ్మ దాటించనివ్వలేదు. చూస్తూ పోతే, నేను జరిపేసిన చోట్లలోనే కథంతా ఉందని అర్థమైంది. సాయంత్రం ఒక ఇంట్లో కూర మిగిలితే గిన్నెతో పిల్లను పక్కింటికి పంపుతారు. ఆ ఇంటివాళ్ళు గిన్నె ఖాళీగా పంపరు. పిల్లలు గిన్నెలతో సందంతా తిరిగేసరికి అందరి బల్లల మీదా అందరి వంటలూ ఉంటాయి. "మన క్వార్టర్లు కూడా ఇంతే గదా" అంది అమ్మ. సియోల్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మడగాస్కర్ బోర్డు పట్టుకుని నడవడానికి దొక్‌సన్ నెలల తరబడి సాధన చేస్తుంది. తీరా ఆ దేశం ఒలింపిక్స్‌ను బహిష్కరిస్తుంది. చరిత్రలో నిజంగానే మడగాస్కర్ 1988లో రాలేదు. ఏడ్చి ఏడ్చి ఉన్న పిల్లకు ఆఖరికి ఉగాండా బోర్డు దొరుకుతుంది. సందు సందంతా టీవీల ముందు కూచుని ఆమె కోసం కళ్ళు విప్పార్చుకుని చూస్తారు.

జంగ్‌హ్వాన్ వాళ్ళమ్మ పాస్‌పోర్టు సీను దగ్గర అమ్మ నన్ను ఆపమంది. ఫోన్లో కొడుకు పాస్‌పోర్టులో ఇంగ్లీషులో ఏముందో చదవమంటే, ఇంటినంతా గడగడలాడించే ఆ తల్లి నీళ్ళు నమిలి, తనకు ఇంగ్లీషు అక్షరాలు రావని చెబుతుంది. అమ్మ తెరను చాలాసేపు చూసింది. "కొడుక్కు చెప్పడానికి ఎంత కష్టపడిందో పాపం. చెప్పిందిలే, అంతే చాలు" అంది. ఇంగ్లీషు రాని మా అమ్మ, నా నోట కథ వింటూ అన్న మాట అది.

ఆ సందులో ఎవరి ప్రేమైనా ఇట్లాగే గుమ్మం దాటి అవతలివాళ్ళకు చేరుతుందని అప్పుడు గమనించాను. నాన్న కేకుతో వస్తాడు. తల్లి సిగ్గు చంపుకుని నిజం చెబుతుంది. భార్య పోయిన టేక్ తండ్రి, భర్త పోయిన సన్‌వూ తల్లి ఒకే ఊరి మనుషులు, చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు. వాళ్ళ మధ్య కూడా ఒక ప్రేమ మెల్లగా మొలిచి, తోడుగా బతుకుదామనే దాకా వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పెద్దవాళ్ళ ముచ్చట్లని వాటిని కూడా దాటేశాను. చిన్ననాటి స్నేహం ప్రేమ కావడం ఎట్లాగో ఆ ఇద్దరు పెద్దవాళ్ళే ముందు చూపించారు.

నాలుగైదు ఎపిసోడ్లకే అమ్మ తేల్చేసింది. "ఆ పాప ఈ రాళ్ళాట పిల్లోడినే చేసుకుంటుంది" అంది.

"ఎట్లా చెబుతున్నావు?" అన్నాను.

"ఆ గదిలోకి పోతూనే ముందు వాడు తిన్నాడా లేదా చూస్తుంది గదరా. వాడూ అంతే, ఎవరొచ్చినా రాకపోయినా ఆ పాప వచ్చిందా అని చూస్తాడు."

ఎర్ర సిగ్నళ్ళ సీను మళ్ళీ వచ్చింది. జంగ్‌హ్వాన్ మనసులో మాటలు ఈసారి దాటించకుండా చదివాను. మొదటిసారి కోపంలో వాటిని కూడా సరిగ్గా వినలేదు. విధి అంటే తగిన వేళకు చేరడమేనని, ఆ వేళ దానంతట అది రాదని, గట్టిగా కోరుకున్నవాడు తెగించి తెచ్చుకుంటాడని అతను అనుకుంటాడు. తప్పు సిగ్నళ్ళది కాదని, లెక్కలేనన్నిసార్లు తాను తటపటాయించడమే తప్పని తనకు తానే ఒప్పుకుంటాడు. పాతికేళ్ళు నిండని కుర్రాడికి తెలిసింది యాభైకి దగ్గరపడ్డ నాకు తెలియలేదు.

టేక్ కూడా ఒకసారి వెనక్కి తగ్గాడు. జంగ్‌హ్వాన్ పర్సులో దొక్‌సన్‌తో ఉన్న ఫొటో చూసి, ఆమెతో సినిమాకు వెళ్దామనుకున్నది మానుకున్నాడు. స్నేహితుడి కోసం తప్పుకోవడం వాడికీ తెలుసు. కాకపోతే ఒకరోజు తన ప్రాణంలాంటి ఆటను పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చాడు. రచయిత్రి జంగ్‌హ్వాన్‌కు అన్యాయం చెయ్యలేదు. అతని మీద ఎంతో ప్రేమతోనే, అతని భయాన్ని భయమనే చెప్పింది. నేను మాత్రం నా భయానికి త్యాగమని పేరు పెట్టుకున్నాను. పేరు అందంగా ఉండేసరికి దాన్ని వదల్లేదు. కుళాయి దగ్గర మొదలైన అలవాటు అక్కడితో ఆగలేదు. మా నాన్న మంచంలో ఉన్న ఆఖరి నెలల్లో ఆయన పక్కన కూచుని క్రికెట్ స్కోరు చెప్పానే గాని, ఆయనంటే నాకెంత ఇష్టమో చెప్పలేదు. నా బిడ్డకు కొత్త పుస్తకాలు కొనకపోవడం కన్నా, నువ్వంటే నాకెంత ముద్దో దానికి ఒక్కసారి కూడా చెప్పకపోవడం పెద్ద తప్పు. గుండెల్లో ఉంటే చాలనుకున్నాను.

చివరి ఎపిసోడ్‌లో ఆ సందు ఖాళీ అయిపోతుంది. పాత ఇళ్ళు కూల్చి కొత్తవి కట్టడానికి అందరూ వెళ్ళిపోతారు. దొక్‌సన్ టేక్ గది తలుపు తీస్తే, చిన్నప్పటి నలుగురూ అక్కడే కూచుని ఎందుకింత ఆలస్యమని చూస్తారు. ఆమె నిలబడి ఏడుస్తుంది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను.

రాత్రి పదిన్నర. చిన్నది ఎత్తగానే, "నానమ్మకు ఎట్లా ఉంది?" అని అడిగింది.

"బాగుంది. అమ్మా, ఆ కొరియా సీరియల్ మళ్ళీ చూశాను. నానమ్మతో."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "పుట్టినరోజు సీన్ కూడానా నాన్నా?"

"అది కూడా."

"ఫార్వర్డ్ చెయ్యలేదా?"

"చెయ్యలేదు తల్లీ. వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాను. నీ పుస్తకాలు కూడా అటక మీంచి దింపాను." గొంతు వణుకుతున్నా ఆపకుండా, దొక్‌సన్ వాళ్ళ నాన్న చెప్పిన మాటనే నా మాటల్లో చెప్పాను. నాకు తెలియలేదని, తెలుసుకోవాల్సిన వాణ్ణి నేనేనని, నువ్వంటే నాకు ప్రాణమని, ఈ మాట చెప్పడానికి ఇరవై ఏళ్ళు పట్టినందుకు క్షమించమని.

అటువైపు అది ఏడుస్తోంది. నేను ఫోను పెట్టెయ్యలేదు. మాట మార్చలేదు. అది ఏడుపు ఆపి మాట్లాడేదాకా వింటూ నిలబడ్డాను.